సగం బొట్టు

బుధవారం మధ్యాహ్నం రెండుంబావు. నాలుగున్నరకు జమునను కోర్టులో నిలబెడతారు. అటునుంచి అటే జైలుకు పంపుతారు. దశరథం చేతిలో ఉన్నది ఆ మధ్య సమయమే.

అది కరీంనగర్ బయట, సోలార్ పంపులకు కంట్రోలర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. పోయిన శుక్రవారం రెండూ ఇరవై నాలుగుకు అక్కడి టెస్టింగ్ గదిలో ఫిలిప్ అనే టెక్నీషియన్ కరెంటు కొట్టి చనిపోయాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నది జమున. ఓల్టేజి సున్నాకు దించకముందే "జీరో" అని అరిచిందనీ, ఆ మాట నమ్మి అతను క్లిప్పు పట్టుకున్నాడనీ కేసు. అలా అరవడం విన్నానని మేనేజర్ హనుమండ్లు సాక్ష్యం చెప్పాడు. తప్పు ఆమెదేనని విద్యుత్ తనిఖీ అధికారి సాగర్ రిపోర్టు రాశాడు.

దశరథాన్ని పిలిచింది జమున తరఫువాళ్లు కాదు. చనిపోయినవాడి భార్య మహిమ. "మా ఆయనను సంపింది గా పిల్ల కాదు సార్. గా పిల్లను లోపటేస్తే అసలోడు నవ్వుకుంట తిరుగుతడు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రెండో మాటను దశరథం ఎవరికీ చెప్పలేదు.

అతను ఇరవై రెండేళ్లు విద్యుత్ తనిఖీ కచేరీలో పనిచేశాడు. కరెంటు చావులు చూడటం, కాగితం రాయడం, అదే ఉద్యోగం. ఎస్సై అలేఖ్య ఆ పాత పరిచయంతోనే గది సీలు తీయించడానికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. సాగర్ పక్కన ఉండాలి.

ముందు జమునతో మాట్లాడాడు. ఆమెను గేటు పక్క గదిలో కూర్చోబెట్టారు. మెట్‌పల్లి పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయి.

"ఏం జేసినవో వరుసగ చెప్పు. ఏడ్సుడు తర్వాత."

"ఏడ్వను సార్. ఏడ్సుడు శనివారమే అయిపోయింది."

ఆ జవాబు దశరథానికి నచ్చింది. నచ్చినట్టు కనిపించనివ్వలేదు.

"పొద్దటి సంది ఆరు కంట్రోలర్ డబ్బాలు టెస్ట్ చేసినం. ఒకటీ ఐదుకు బువ్వకు పోయినం. రెండూ పదికి వచ్చినం. ఏడో డబ్బా పెట్టినం. ఆరువందల ఓల్టులు ఎక్కిచ్చిన, నడిచింది. తర్వాత సున్న కొట్టిన. మిషన్ మీద సున్న పడ్డది. గప్పుడే జీరో అన్న. ఫిలిప్ అన్న ఎప్పటి లెక్కనే ఒకటి, రెండు, మూడు అని లెక్కవెట్టి క్లిప్పు మీద చెయ్యేసిండు."

"మూడు అన్నడా?"

"అన్నడు సార్. గంతే."

"చేతికి తొడుగుల్లేవా?"

"ఉన్నయి. దినాం పదిహేను డబ్బాలు. తొడుగులేసుకుంటే క్లిప్పు ఊడది. ఏండ్ల సంది ఒట్టి చేతులతోనే."

"మిషన్ మీద గంత నమ్మకమా?"

జమున మొదటిసారి తల ఎత్తింది. "గా మిషన్ అసొంటిది సార్. మామూలు పవర్ సప్లైలకు కరెంటు పోసుడే తెలుసు. జీరో కొట్టినా డబ్బా లోపటి కండెన్సర్లల్ల నిండింది నిండినట్టే ఉంటది, అది దిగేదాక ఆగాలె. గిది పోస్తది, ఎన్కకు గుంజుకుంటది గూడ. ఆరువందలు రెప్పకొట్టే లోపట సున్న. అన్న గందుకే కొట్లాడి మరీ కొనిపిచ్చిండు. కాగజ్‌నగర్ మిల్లు మూతబడి ఈడికొచ్చినప్పటి సంది ఆయన అడిగింది గదొక్కటే."

"బువ్వకు పోయినప్పుడు గది తాళం ఎవరి దగ్గర?"

"రోజూ అన్న దగ్గర. శుక్రవారం మాత్రం మేనేజర్ సార్ దగ్గర. పూజ జేస్తడు గద."

దశరథం లేచాడు. ధైర్యం చెప్పలేదు. ధైర్యం చెప్పినవాళ్లను అతను చాలామందిని చూశాడు. వాళ్లలో ఒక్కడూ కోర్టు దాకా రాలేదు.

హనుమండ్లు తన గదిలో ఫ్యాన్ కింద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. టీ తెప్పిస్తానన్నాడు. దశరథం వద్దన్నాడు.

"పూజ మీరే జేస్తరా?"

"ప్రతి శుక్రవారం. ఒకటిన్నరకు. అందరు బువ్వ తింటుంటరు గద, అడ్డం ఉండదు. ఊదుబత్తి, బొట్టు. యాడాడ కరెంటు మలుపు తిరుగుతదో ఆడాడ ఒక బొట్టు వెడుత. పదేండ్ల సంది ఒక్క వారం తప్పలే." ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు స్థిరంగా ఉంది.

"పోయిన శుక్రవారం గూడనా?"

"గూడ. గంత జేసినా దేవుడు సూడలే."

"హుస్నాబాద్ కాడ రైతు చచ్చిపోయిన పంపు డబ్బా మీ దగ్గరిదేనట గద?"

చెమట తుడుస్తున్న చెయ్యి ఆగింది. "అది... వాడు తడి చేతులతోని ముట్టిండు సార్. సాగర్ సార్ రిపోర్టు గూడ ఇచ్చిండు."

"ఇచ్చే ఉంటడు" అన్నాడు దశరథం.

మహిమ చెప్పిన రెండో మాట దీనికి సంబంధించిందే. టెస్టులో తప్పిన కంట్రోలర్లకు పాసైనట్టు చీటీలు అంటించి బయటికి పంపుతున్నారు. ఆ చీటీల మీద సంతకం సాగర్‌ది. ఫిలిప్ రెండు నెలలుగా లెక్క దాచిపెడుతున్నాడు. బెంచీ కింద ఎవరికీ కనబడకుండా ఒక రికార్డు డబ్బా అతికించాడు. కంట్రోలర్ వైపు ఎంత ఓల్టేజి ఉందో అది సెకనుకోసారి రాసిపెడుతుంది. వచ్చే సోమవారం ఆ లెక్కలన్నీ పట్టుకుని హైదరాబాదు పోతానని భార్యకు చెప్పాడు. ఆ సోమవారం నాటికి అతన్ని పూడ్చిపెట్టి రెండు రోజులైంది.

మూడు గంటలకు సీలు తీశారు. కానిస్టేబుల్ వెంకటి తలుపు దగ్గర నిలబడ్డాడు. సాగర్ భుజానికి తోలు సంచీతో వచ్చి వంగి దండం పెట్టాడు.

"బాగున్నరా సార్? ఒంటరిగ ఉంటుండ్రట. వంట గింట ఎవరు జేస్తుండ్రు?"

"ఆకలి" అన్నాడు దశరథం.

సాగర్ అతని కింద తొమ్మిదేళ్లు పనిచేశాడు. రిపోర్టు రాయడం నేర్పింది దశరథమే. కరెంటు చావు ఎలాంటిదైనా చివరి వాక్యం ఒకటే ఉండేది: మృతుని అజాగ్రత్త వలన ప్రమాదం సంభవించినది. ఆ వాక్యం రాస్తే ఫైలు మూతపడేది. నాలుగేళ్ల కింద దశరథం భార్య శంకరవ్వ, ఇంటి వెనక బట్టలారేసే తీగ పట్టుకుని పోయింది. పైన స్తంభం మీది తీగ తెగి దానిమీద పడి ఉంది. తెగిన తీగ సంగతి రాయకుండా సాగర్ అదే వాక్యం రాసుకొచ్చాడు, 'మృతుని' అన్నచోట 'మృతురాలి' అని మార్చి. దశరథం దాని కింద సంతకం పెట్టాడు. పెట్టిన నెలకు ఉద్యోగం వదిలేశాడు. ఆ సంతకాన్ని మాత్రం ఎక్కడా వదల్లేకపోయాడు.

గదిలో ఎక్కువ సామాను లేదు. పొడుగాటి బెంచీ, దాని చివర కంప్యూటర్, గోడ పక్కన పవర్ సప్లై. దాని వెనక నుంచి వేలెడు లావు నల్లటి తీగ బయటికొచ్చి, మధ్యలో ఒక ప్లాస్టిక్ కనెక్టర్ దగ్గర అతుక్కుని, బెంచీ మీది క్లిప్పుల దాకా వస్తుంది. పొలాల్లో సోలార్ పలకల తీగలు కలపడానికి వాడే కనెక్టరే. డబ్బాలు మార్చేటప్పుడు ఊడదీసేది క్లిప్పులను. వెనకున్న ఈ కనెక్టర్‌ను ఎవరూ ముట్టుకోరు.

దశరథం టార్చి వేసి బొట్లు లెక్కపెట్టాడు. స్విచ్చుబోర్డు మీద ఒకటి. మిషన్ నుదుటి మీద ఒకటి. కంప్యూటర్ మీద ఒకటి. ఎన్నో శుక్రవారాలుగా ఒకే చోట పెట్టగా పెట్టగా అడుగున నల్లబడి, పైన మొన్నటి ఎరుపుతో మెరుస్తున్నాయి. వెనక కనెక్టర్ మీద కూడా ఉంది. రెండు ముక్కలూ కలిసే గీత మీద, సరిగ్గా నడుమ.

అతను మోకాళ్ల మీద వంగి దగ్గరగా చూశాడు. మిషన్ వైపు సగం ఎర్రగా ఉంది. బెంచీ వైపు సగం నల్లగా ఉంది.

ఒకే వేలితో పెట్టిన బొట్టు సగం కొత్తగా, సగం పాతగా ఉండదు. మొన్న శుక్రవారం హనుమండ్లు బొట్టు పెట్టినప్పుడు ఈ రెండు ముక్కలు కలిసి లేవు. మధ్యలో మూడోది ఏదో ఉంది. కొత్త బొట్టులో రెండో సగం దానిమీద పడింది. ఇప్పుడది ఇక్కడ లేదు.

"ఏం జూస్తుండ్రు సార్ గంత వంగి?" సాగర్ అడిగాడు.

"దుమ్ము." దశరథం లేస్తూ బెంచీ అడుగున చెయ్యి పెట్టి అగ్గిపెట్టెంత డబ్బాను చప్పున పీకాడు. లోపలి కార్డు తీసి తన ఫోన్లో వేశాడు. సాగర్ ముఖం వైపు చూడలేదు. చూస్తే తన ముఖం కూడా కనబడుతుంది.

మిషన్ తన లెక్క తాను రాసుకుంటుంది. ఫిలిప్ డబ్బా దాని లెక్క అది రాసుకుంది. దశరథం రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మొదటి ఆరు కంట్రోలర్లకు రెండు లెక్కలూ ఒకటే. ఇటు ఆరువందలంటే అటూ ఆరువందలే. ఇటు సున్నా అంటే అదే సెకనులో అటూ సున్నా.

ఏడోదాని దగ్గర లెక్కలు విడిపోయాయి. ఎక్కడం ఎప్పటిలాగే ఎక్కింది. కానీ మిషన్ ఆరువందలంటే ఇటు ఐదువందల తొంభై తొమ్మిది పాయింట్ మూడు. రెండూ ఇరవై నాలుగు నిమిషాల ఎనిమిదో సెకనుకు మిషన్ సున్నా అయింది. ఇటు మాత్రం తొమ్మిదో సెకనుకు ఐదువందల ఎనభై రెండు. పదికి ఐదువందల అరవై నాలుగు. పదకొండుకు ఐదువందల నలభై ఆరు. పన్నెండుకు ఒక్కసారిగా ముప్పై ఎనిమిదే.

ఒకటి, రెండు, మూడు. ఆ తరువాత ఐదువందల ఓల్టులూ ఎక్కడికి పోయాయో లెక్క చెప్పనక్కర్లేదు. ఫిలిప్ చేతిలోకి పోయాయి.

దశరథం ఎనిమిదో కంట్రోలర్ బెంచీ మీద పెట్టి సాగర్‌ను కంప్యూటర్ ముందు కూర్చోమన్నాడు. ఆరువందలు ఎక్కించి సున్నాకు దించమన్నాడు. మిషన్ మీద సున్నా పడగానే టెస్టర్ పెట్టి చూశాడు. సున్నా. రెండోసారి టెస్టర్ పక్కన పెట్టి, ఫిలిప్ లాగే మూడు లెక్కపెట్టి వట్టి చేత్తో క్లిప్పు ఊడదీశాడు. ఏమీ కాలేదు.

"ఈ వయసుల గీ సాహసాలేంది సార్?" సాగర్ నవ్వాడు.

"మిషన్ గుంజుకుంటుంది. తీగ మంచిగనే ఉంది. ఏడో డబ్బాకు మాత్రం గుంజుకోలే. ఎందుకు?"

"గా రికార్డు డబ్బా ఎవడు వెట్టిండో, ఎట్ల వెట్టిండో. కోర్టుల నిలవడది."

"నిలవడుతది. పాయింట్ ఏడు ఓల్టు ఎవడు మింగిండు సాగర్?"

కరెంటు పనిచేసినవాడికెవడికైనా ఆ అంకె తెలుసు. డయోడ్ ఒకటి దారిలో కూర్చుంటే తన వంతు అంతే తీసుకుంటుంది. ఒక్క వైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పలకల తీగల్లో పెట్టడానికి బొటనవేలంత కనెక్టర్‌లోనే డయోడ్ ఇమిడ్చి అమ్ముతారు. చూస్తే మామూలు కనెక్టర్‌లాగే ఉంటుంది. దాన్ని మధ్యలో పెడితే మిషన్ పోయగలదు గాని గుంజలేదు. తన వైపు మాత్రం వెంటనే సున్నా చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మడం ఫిలిప్‌కు ఏళ్ల అలవాటు.

"శుక్రవారం ఫిలిప్‌ను దవాఖానకు ఎత్తుకపోయిన ఐదు నిమిషాలకే గదికి తాళమేసిండ్రు" అన్నాడు దశరథం. "గా సందులంత ఈడ పదిమంది ఉన్నరు. గప్పుడే తాళం మీద పోలీసు సీలు వడ్డది. మళ్ల ఎన్నిసార్లు తెరిచిండ్రు?"

"ఒక్కసారే. సోమవారం. పదకొండుకు."

"ఎవరు?"

"నేనే. ఒక్కన్నే. రిపోర్టు కోసం." ఆ మాట అన్నాక సాగర్ పెదవులు తడుపుకున్నాడు. తరువాత గొంతు మారింది. "సార్, ఊకోండ్రి. గిట్ల ఎన్ని కాగితాలు మనిద్దరం కలిసి మూసినమో మీకు ఎరికే. మీరు నేర్పిన ఇద్దెనే గద. మీ ఇంటామె కాగితం మీద సంతకం వెట్టినప్పుడు లేని ఫికర్ ఇప్పుడెందుకు?"

దశరథం చెయ్యి లేచింది. లేచిన చేతిని తనే కిందికి దించుకున్నాడు. ఇంకో నిమిషం ఆ గదిలో ఉంటే కొడతాడు. కొడితే ఆ కారణం చూపించి కార్డును కూడా చెల్లకుండా చేస్తారు. ఆ ఇనుప రేకుల గదిలో ఫోను పలకదు. అతను గేటు దాకా నడిచి వెళ్లాడు. అప్పటికి మూడూ యాభై రెండు. అది అతను చేసిన తప్పు. కోపం ఎప్పుడూ అతని చేత తప్పే చేయించింది.

అలేఖ్య జీపు దగ్గర ఉంది. "టైం అయితుంది సార్. పిల్లను ఎక్కిస్తున్నం."

"పది నిమిషాలు మేడం. కండ్లతోని చూడుండ్రి. ఆమెను గూడ తీసుకరాండ్రి. మేనేజర్‌ను గూడ."

నాలుగూ రెండుకు అందరూ గదిలో ఉన్నారు. వెంకటి తలుపు దగ్గర అలాగే నిలబడి ఉన్నాడు. సాగర్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. తోలు సంచీ కుర్చీ మీద ఉంది. అతని గొంతులో ఇందాకటి పదును పోయి మర్యాద వచ్చింది.

"సార్ రెండుసార్లు జేసి చూపిచ్చిండు మేడం. మూడోసారి మీ ముంగట జేస్తడు. కంప్యూటర్ కాడ గా పిల్లనే కూసోనియ్యుండ్రి. ఆమె చేతితోనే తేలనియ్యుండ్రి."

అందులో అలేఖ్యకు తప్పేమీ కనబడలేదు. దశరథానికీ కనబడలేదు. ఇందాక ఊడదీసిన క్లిప్పును అతను మళ్లీ తగిలించాడు. జమున కుర్చీలో కూర్చుంది. ఒక్క అంకె కూడా తప్పు కొట్టలేదు. మిషన్ మీద ఆరువందలు వెలిగాయి.

"ఫిలిప్ అలవాటు ఇది మేడం" అన్నాడు దశరథం. "మంచి మిషన్ దొరికినోడు గిట్ల దాన్నే నమ్ముతడు. దించు."

జమున సున్నా కొట్టింది. మిషన్ మీద అంకెలు మాయమై సున్నా నిలిచింది.

"జీరో సార్."

"ఒకటి" అన్నాడు దశరథం. ఇందాక ఒకసారి చేసిన చెయ్యి. తనంతట తానే క్లిప్పు వైపు కదిలింది. "రెండు."

వంగేటప్పుడు అతని చూపు మిషన్ వెనక్కి పోయింది. నల్లటి తీగ మీద బొట్టు కనబడింది.

బొట్టు నిండుగా ఉంది. గుండ్రంగా, ఎర్రగా, ఏ వంకా లేకుండా.

మూడు అనలేదు. క్లిప్పుకూ వేళ్లకూ మధ్య వరిగింజంత సందు ఉంది. అతను ఊపిరి కూడా కదలనివ్వకుండా చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"ఎవ్వరు ముట్టుకోకుండ్రి. మేడం, మిషన్ మీద ఎంతున్నది?"

"సున్న."

బెంచీ మీద ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. పిడి చివర పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రెండు క్లిప్పుల మీద అడ్డంగా పెట్టాడు. గది దద్దరిల్లింది. తెల్లటి మంట లేచింది. స్క్రూడ్రైవర్ కొన కరిగి బెంచీ మీద పడింది. మిషన్ మీద సున్నా అలాగే ఉంది.

అలేఖ్య చెయ్యి నడుము మీది తుపాకీ దగ్గరికి పోయింది. "వెంకటీ, తలుపు మూసెయ్! సార్ బయటికి పోయినంక ఈడ ఎవరేం జేసిండ్రు?"

"సాగర్ సారొక్కడే ఉన్నడు మేడం. మిషన్ ఎన్క దుమ్ము తుడుస్తున్న అన్నడు."

"ఇందాక గా కనెక్టర్ మీద కొత్త బొట్టు సగమే ఉండె మేడం" అన్నాడు దశరథం. "మిగిలిన సగం ఎక్కడుందో చెప్పమంటే ఈయన జన్మల చెప్పడు. నన్ను సంపనీకి తనే తెచ్చి పెట్టిండు. మిషన్ బందు జేసి, తొడుగులేసుకొని, గా కనెక్టర్ ఊడదీసి చూడుండ్రి. నడుమ ఇంకో ముక్క ఉంటది. దానిమీద సగం బొట్టు ఉంటది."

హనుమండ్లు గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. ఆ బొట్టు వైపే చూస్తున్నాడు. "నేను గా ముక్క పెట్టినంక బొట్టు వెట్టకుంట పోదామనుకున్న మేడం. చెయ్యి ఆగలే. పదేండ్ల అలవాటు. గా ముక్క మాత్రం సాగర్ సారే ఇచ్చిండు. ఒక్క షాక్ కొడితే వాడు భయపడి నోరు మూస్తడు, గంతే అన్నడు."

"వాడు అబద్ధమాడుతుండు" అన్నాడు సాగర్.

దశరథం కుర్చీ మీది తోలు సంచీ మూత ఎత్తాడు. పైనే తెల్లకాగితాల కట్ట, పెన్ను.

"నా కాగితం గూడ తయారుగ తెచ్చినవా సాగర్? ఆఖరి వాక్యం నాకు నోటికి వస్తది. చెప్పమంటవా?"

సాగర్ తల దించుకున్నాడు. అలేఖ్య అతని మణికట్టు పట్టుకుంది. క్షమించమని అతను అడగలేదు. అడిగినా ఇవ్వడానికి దశరథం దగ్గర ఆ సరుకు లేదు. సాగర్‌కు లేదు. ఒకప్పుడు సంతకం పెట్టిన తన చేతికీ లేదు.

గోడ గడియారం నాలుగూ ఎనిమిది చూపిస్తోంది. జమున ఇంకా కంప్యూటర్ ముందే ఉంది. రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీయలేదు. తీస్తే మళ్లీ ఎవరైనా చచ్చిపోతారేమో అన్నట్టు అలాగే బిగబట్టుకుని ఉంది.

"సార్" అంది మెల్లగా. "నేను జీరోనే కొట్టిన."

"కొట్టినవు బిడ్డా" అన్నాడు దశరథం. "శుక్రవారం గూడ జీరోనే కొట్టినవు. ఇగ చేతులు తియ్."